డయబాలికల్: ఈ ఇంగ్లీషు మాటలో క్రౌర్యమెంత, కుతంత్రమెంత?

దిల్‌సుఖ్‌నగర్ జంట పేలుళ్ల కేసులో ఐదుగురికి ఎన్ఐఏ ప్రత్యేక కోర్టు 2016 డిసెంబరులో ఉరిశిక్ష వేసింది. తెలంగాణ హైకోర్టు 2025 ఏప్రిల్ 8న దాన్ని ఖాయం చేసింది. ఇలాంటి తీర్పు వచ్చిన ప్రతిసారీ ఇంగ్లీషు పేపర్లలో, టీవీ చర్చల్లో, లాయర్ల వాదనల్లో ఒక విశేషణం తరచుగా వినిపిస్తుంది. అదే డయబాలికల్. తెలుగు పేపర్లోకి వచ్చేసరికి ఆ మాట ఒకచోట ‘పైశాచికం’, ఇంకోచోట ‘కిరాతకం’, మరోచోట ఉత్త ‘దారుణం’ అవుతుంది. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదువుకునే కుర్రాడు డిక్షనరీ తీస్తే పరమ క్రూరమైనది అనీ కనిపిస్తుంది, మహా జిత్తులమారిదీ అనీ కనిపిస్తుంది. ఇంగ్లండులో ఉన్న బంధువు ఫోన్ చేసి అక్కడి వాతావరణం డయబాలికల్‌గా ఉందంటే మాత్రం ఈ రెండూ కుదరవు. వాన విసిగిస్తోందని మాత్రమే ఆయన ఉద్దేశం.

ఒకే మాటకి ఇన్ని అర్థాలుంటే తికమక సహజం. అయితే ఇది వట్టి భాషా సందేహం కాదు. మన దేశంలో ఒక మనిషిని ఉరి తీయాలా, బతకనివ్వాలా అని తేల్చే చోట ఈ మాట ఉంది. అందుకే దీన్ని ఓపిగ్గా విప్పి చూడాల్సి వస్తోంది.

చాడీకోరు సైతాను ఎలా అయ్యాడు

గ్రీకులో ‘దియాబొలోస్’ అంటే చాడీలు చెప్పేవాడు, లేనిపోని నిందలు వేసేవాడు. ‘దియా’ అంటే అడ్డంగా, గుండా అని. ‘బల్లెయిన్’ అంటే విసరడం. ఇద్దరి మధ్య మాట విసిరి విడగొట్టేవాడన్నమాట. హీబ్రూ పవిత్ర గ్రంథాల్ని గ్రీకులోకి మార్చినవాళ్ళు, విరోధి అనే అర్థమున్న ‘సాతాన్’ అన్న మాటకి ఈ దియాబొలోస్‌ని వాడారు. అక్కడి నుంచి అది లాటిన్‌కి, ఫ్రెంచికి, ఇంగ్లీషుకి పాకింది. డెవిల్, స్పానిష్ డయాబ్లో, మన డయబాలికల్ అన్నీ ఆ వేరు నుంచి వచ్చినవే.

తెలుగు బైబిల్లో ఇదే పాత్రకి ఉన్న పేరు ‘అపవాది’. అపవాదు వేసేవాడు అని. గ్రీకు మాటలోని అసలు అర్థాన్ని తెలుగు అనువాదకులు ఎంత చక్కగా పట్టుకున్నారో చూడండి. ఇంగ్లీషువాళ్ళకి డెవిల్ అనగానే కొమ్ములూ తోకా గుర్తొస్తాయి. సికింద్రాబాదు చర్చిలో వాక్యం వినే తెలుగువాళ్ళకి మాత్రం ఆ పేరులోనే చాడీకోరు కనిపిస్తాడు. ఎఫెసీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయంలో ‘అపవాది తంత్రములను ఎదిరించుటకు’ అని ఉంటుంది. ఆ ‘తంత్రములు’ అన్నచోట గ్రీకులో ఉన్న మాట ‘మెథొదెయియా’. మనం రోజూ వాడే ‘మెథడ్’కి అది దగ్గరి చుట్టం. అంటే మొదటి నుంచీ ఈ పాత్ర బలం కండల్లో లేదు, పద్ధతిలో ఉంది.

హైదరాబాదులో ఉర్దూ మాట్లాడేవాళ్ళకి ఇతనే షైతాన్, ఇంకో పేరు ఇబ్లీస్. ఇబ్లీస్ అనే మాట నిరాశని తెలిపే అరబ్బీ ధాతువు నుంచి వచ్చిందని సంప్రదాయ వ్యాఖ్యాతలు చెబుతారు. అదీ దియాబొలోస్ నుంచే వచ్చిందని చాలామంది పాశ్చాత్య భాషావేత్తలు అంటారు. ఏది నిజమైనా, సజ్దా (సాష్టాంగ నమస్కారం) చెయ్యనని మొండికేసి, ఆ తర్వాత మనుషుల్ని మాటలతో దారి తప్పించేవాడిగానే అతను కనిపిస్తాడు తప్ప కత్తి పట్టినవాడిగా కాదు.

లక్క ఇల్లు: రెండు లక్షణాలూ కలిసిన చోటు

అయితే మాటకి క్రౌర్యం ఎలా అంటింది? తెలుగువాళ్ళందరికీ తెలిసిన ఒక కథని ముందు పెట్టుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నన్నయ ఆదిపర్వంలోని లక్క ఇల్లు.

దుర్యోధనుడికి పాండవులు చావాలి. యుద్ధం అక్కర్లేదు, విషం ఇదివరకే పారలేదు. వారణావతంలో ఉత్సవమని చెప్పించి, తండ్రి నోటితోనే వాళ్ళని అక్కడికి పంపిస్తాడు. పురోచనుడనే నమ్మకస్థుడు ముందే వెళ్ళి లక్క, నెయ్యి లాంటి భగ్గున మండే వస్తువులతో ఇల్లు కట్టిస్తాడు. చూడ్డానికి రాజమందిరం. గోడ దగ్గర నిలబడి వాసన చూస్తే తప్ప అనుమానం రాదు, ధర్మరాజు నిజంగానే వాసన పట్టి గ్రహిస్తాడు. ఆ పురోచనుడే వాళ్ళకి మర్యాదలు చేస్తూ పక్కనే ఉండి, అందరూ నిద్రపోయే రాత్రి కోసం కాచుకుంటాడు.

ఇక్కడ క్రౌర్యముంది, తల్లితో సహా ఆరుగుర్ని నిద్రలో తగలబెట్టాలన్న పథకం. దాంతోపాటు తెలివి ఉంది, ప్రమాదంలా కనిపించే హత్య. అన్నిటికన్నా ముఖ్యంగా ఆతిథ్యం అనే ముసుగుంది. ఈ మూడూ ఒకదాన్నొకటి పెనవేసుకున్నప్పుడు ఇంగ్లీషువాడు డయబాలికల్ అంటాడు. వీటిలో ఒక్కటి తీసేసినా ఆ మాట పట్టు సడలుతుంది. అర్ధరాత్రి శిబిరంలో దూరి ఉపపాండవుల్ని నరికిన అశ్వత్థామది భయంకరమైన క్రౌర్యమే, కానీ అందులో పన్నాగం తక్కువ. మనం దాన్ని పైశాచికం అంటాం, సరిపోతుంది. శకుని జూదంలో పన్నాగమే అంతా, రక్తపు చుక్క లేదు. దాన్ని కపటం అంటాం, అదీ సరిపోతుంది.

లక్క ఇంటి కథలో ఇంకో మెలిక ఉంది. దాన్ని దాటేసి పోవడం నాకు న్యాయంగా అనిపించదు. పాండవులు సొరంగంలోంచి బయటపడిన రాత్రి నిప్పు పెట్టింది భీముడు. ఆ మంటల్లో పురోచనుడితో పాటు, కుంతి పెట్టిన భోజనం తిని అక్కడే నిద్రపోయిన ఒక నిషాద స్త్రీ, ఆమె ఐదుగురు కొడుకులూ కాలిపోయారు. ఆ ఆరు శవాల్ని చూసే పాండవులు చచ్చారని ఊరు నమ్మింది. దుర్యోధనుడి పథకాన్ని అడిగితే ఎవరైనా డయబాలికల్ అంటారు. మరి ఇది? పన్నాగంలో భాగంగానే వాళ్ళని పిలిచారని చదివేవాళ్ళున్నారు, విధి ఆ రాత్రి వాళ్ళని అక్కడికి తెచ్చిందని చదివేవాళ్ళున్నారు. విశేషణం పడేది చేసిన పనిని బట్టి మాత్రమే కాదు, మనం ఎవరి పక్కన నిలబడి చూస్తున్నామన్నదాన్ని బట్టి కూడా. కోర్టు దగ్గరికి వెళ్ళాక ఇదే ప్రశ్న మళ్ళీ ఎదురవుతుంది.

పక్కింటి మాటలు: ఫీండిష్, మెఫిస్టోఫీలియన్, మాకియవెల్లియన్

డయబాలికల్‌కి సాటి వచ్చే మాటలు ఇంగ్లీషులో మరికొన్ని ఉన్నాయి, వాటిని కలిపేస్తే తికమక పెరుగుతుంది. ‘ఫీండ్’ అంటే పాత ఇంగ్లీషులో శత్రువు. జర్మన్‌లో ‘ఫైండ్’ ఇప్పటికీ శత్రువే. తర్వాత అది మనుషుల పరమ శత్రువైన దయ్యానికి పేరైంది. అయినా ‘ఫీండిష్’ అనే విశేషణం ఈ రోజుల్లో సుడోకుకీ, గళ్ళనుడికట్టుకీ కూడా వాడతారు. బుర్ర తినేసేంత కష్టమైనదని, కాస్త మెచ్చుకోలుతో.

‘మెఫిస్టోఫీలియన్’ అనేది జర్మన్ కవి గోథే నాటకంతో లోకమంతా పాకిన మాట. ఫాస్ట్ అనే పండితుడితో ఆత్మ బేరం కుదుర్చుకునే దయ్యం మెఫిస్టోఫిలీస్. చంపడు, బెదిరించడు. నవ్వుతూ, చమత్కారంగా మాట్లాడుతూ, నీకు కావాల్సిందే ఇస్తానంటాడు. కాబట్టి ఈ విశేషణం చెడ్డతనానికి ఆకర్షణ తోడైన చోటే కుదురుతుంది. వీధి గూండాకి అది నప్పదు.

‘మాకియవెల్లియన్’లో అసలు దయ్యమే లేదు. 1469 నుంచి 1527 దాకా బతికిన ఫ్లోరెన్సు రాజనీతిజ్ఞుడు మాకియవెల్లి పేరు మీద వచ్చిన మాట అది, అధికారం కోసం నీతిని పక్కన పెట్టే లెక్క. ఇంగ్లీషులో అది తిట్టు. మన దగ్గర సరిగ్గా ఆ చోట ఉండే మాట ‘చాణక్యం’, అది మాత్రం చాలాసార్లు పొగడ్త. పీవీ నరసింహారావుని ‘అపర చాణక్యుడు’ అని ఎంతమంది ఎన్నిసార్లు గౌరవంగా రాశారో లెక్కలేదు. అందుకని ఇంగ్లీషు పేపరు ఒక నాయకుణ్ణి మాకియవెల్లియన్ అంటే, తెలుగులోకి చాణక్యుడని మార్చడంతోనే నింద కాస్తా మెప్పు అయిపోతుంది. రాజకీయ వార్తల అనువాదంలో ఇది చిన్న విషయమేమీ కాదు.

కోర్టు భాషలో డయబాలికల్

1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మరణశిక్షని ‘అరుదైన కేసుల్లోకెల్లా అరుదైన’ వాటికి పరిమితం చేసింది. ఏది అరుదైనది? 1983లో మచ్చీ సింగ్ కేసులో దానికి ఒక చట్రం ఇచ్చారు. పంజాబులో పాత కక్షతో ఒకే రాత్రి వరసగా ఊళ్ళ మీద పడి 17 మందిని చంపిన కేసది. చట్రంలో ఐదు అంశాలున్నాయి: హత్య చేసిన తీరు, ఉద్దేశం, సమాజం మీద ప్రభావం, నేరం పరిమాణం, బాధితులు ఎవరన్నది.

మొదటి అంశంలోనే మన మాట ఉంది. క్రూరంగా, వికృతంగా, డయబాలికల్‌గా, జుగుప్స కలిగేలా, పిరికి దుర్మార్గంతో, సమాజంలో తీవ్రమైన ఆగ్రహం రేగేలా హత్య చేసినప్పుడు అని దాని సారాంశం. వెంటనే మూడు ఉదాహరణలిచ్చారు. మనిషిని సజీవంగా కాల్చే ఉద్దేశంతో ఇంటికి నిప్పు పెట్టడం, చిత్రహింసలు పెట్టి చంపడం, శరీరాన్ని ముక్కలు చెయ్యడం. మూడో ఉదాహరణ దగ్గర ‘ఫీండిష్’ అనే మాట కూడా వచ్చింది. మొదటి ఉదాహరణ చదివితే లక్క ఇల్లు గుర్తు రాక మానదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఈ ఉదాహరణలన్నీ చేసిన తీరులోని క్రౌర్యం గురించే. ముందే వేసిన పథకం, ఆస్తి కోసం దగ్గరివాళ్ళని చంపడం, కిరాయి హంతకులు లాంటివి రెండో అంశమైన ‘ఉద్దేశం’ కిందకి వెళ్ళాయి. అంటే డిక్షనరీలో కలిసి ఉన్న రెండు అర్థాల్ని కోర్టు విడదీసి చెరో గదిలో పెట్టింది. డయబాలికల్ అనే పేరు మాత్రం క్రౌర్యం గదికి అంటుకుంది.

విడదీయడం కాగితం మీద తేలిక. దిల్‌సుఖ్‌నగర్ తీసుకోండి. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం, ఆఫీసుల నుంచి ఇంటికి చేరే వేళ. బస్టాపు దగ్గర ఒకటి, మిర్చి బజ్జీల సెంటరు దగ్గర ఒకటి, సైకిళ్ళకి అమర్చిన బాంబులు పేలాయి. 18 మంది చనిపోయారు, వంద మందికి పైగా గాయపడ్డారు. ఆ రోడ్డు మీద నిలబెట్టిన సైకిలుని ఎవరు అనుమానిస్తారు? టిఫిను తినేవాళ్ళూ, బస్సు కోసం చూసేవాళ్ళూ దాని పక్కనే నిలబడతారు. ఆ సైకిలుని ఎంచుకోవడంలోనే పన్నాగముంది, చావుల్లో క్రౌర్యముంది. ఎక్కడ ఒకటి ముగిసి రెండోది మొదలైందో గీత గీసి చూపించడం కష్టం.

ఇంకో కేసు బెంగళూరుది. భార్యకి మత్తుమందిచ్చి సజీవంగా ఇంటి ఆవరణలోనే పాతిపెట్టి, ఏళ్ళ తరబడి ఆమె ఎక్కడో ఉందని అందరికీ చెబుతూ వచ్చిన స్వామి శ్రద్ధానంద కేసు. క్రౌర్యం, కపటం, నమ్మకద్రోహం మూడూ ఉన్నాయి. అయినా 2008లో సుప్రీంకోర్టు ఉరిని తప్పించి, జీవితాంతం బయటకి రాని కారాగారశిక్ష వేసింది. నేరాన్ని ఎంత తీవ్రమైన విశేషణంతో వర్ణించినా అది దానంతటదే ఉరితాడు కాదని ఈ తీర్పు చెబుతోంది.

విశేషణాలతో శిక్ష తేల్చవచ్చా?

దీని మీద రెండు పక్షాలున్నాయి, రెండింటిలోనూ బలమైన మాట ఉంది.

విశేషణం కావాలనేవాళ్ళు ఇలా వాదిస్తారు. చట్టం అన్ని హత్యల్నీ ఒకే గాటన కట్టలేదు. కోపంలో ఒక దెబ్బ వేసినవాడికీ, నెలల తరబడి పథకం వేసి పసిపిల్లల్ని చంపినవాడికీ తేడా చెప్పడానికి ఏదో ఒక మాట ఉండాలి. ప్రజల గుండె మండినప్పుడు ఆ మంటని కోర్టు తన భాషలో నమోదు చెయ్యకపోతే, బాధితుల కుటుంబాలకి న్యాయం జరిగినట్టు అనిపించదు. పేలుళ్లలో బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్ళ ముందు కూర్చుని ఈ వాదన వింటే దాని బరువు తెలుస్తుంది.

వద్దనేవాళ్ళు అడిగేది వేరు. క్రూరం, డయబాలికల్, జుగుప్సాకరం — వీటికి కొలబద్ద ఏది? ఒక జడ్జికి డయబాలికల్ అనిపించింది ఇంకో జడ్జికి అనిపించకపోతే, ఒకడు ఉరికంబం ఎక్కుతాడు, ఒకడు బతుకుతాడు. బచన్ సింగ్ కేసులోనే భిన్నాభిప్రాయం రాసిన జస్టిస్ పి.ఎన్.భగవతి ఈ ఇష్టానుసారపు ధోరణినే తప్పు పట్టారు. 2009లో బరియార్ కేసులోనూ, ఆ తర్వాత సంగీత్ కేసులోనూ సుప్రీంకోర్టే ఇంకో చిక్కుని ఎత్తి చూపింది. బచన్ సింగ్ తీర్పు నేరంతో పాటు నేరస్థుణ్ణి కూడా చూడమంది. అతని వయసు, నేపథ్యం, మారే అవకాశం. తర్వాతి కేసుల్లో నేరం తాలూకు భయంకరత్వమే ముందుకొచ్చి, మనిషి వెనక్కి పోయాడు. 2015లో లా కమిషన్ తన 262వ నివేదికలో ఉగ్రవాద నేరాలు, దేశం మీద యుద్ధం చెయ్యడం మినహా మిగతావాటికి మరణశిక్ష రద్దు చెయ్యాలని సిఫారసు చేసింది. 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు, ముద్దాయి మానసిక స్థితి, జైల్లో నడవడిక లాంటి వివరాలు విచారణ దశలోనే తెప్పించుకోవాలని చెప్పింది.

నా మట్టుకు నాకు రెండో పక్షం ప్రశ్నే ఎక్కువ బలంగా కనిపిస్తుంది. డయబాలికల్ అనడంతో చేసినవాణ్ణి మనుషుల జాబితాలోంచి తీసి దయ్యాల్లో కలిపేస్తాం. ఆ పైన అతని వయసెంత, మారతాడా అని అడగడం ఎవరికీ అవసరం అనిపించదు.

రక్తం చిందని మోసానికి ఈ మాట సరిపోతుందా?

ఈ మధ్య హైదరాబాదులో ఇంటింటా వినిపిస్తున్నది ‘డిజిటల్ అరెస్ట్’. రిటైరైన టీచరమ్మకి వీడియో కాల్ వస్తుంది. అవతల ఖాకీ యూనిఫారం, వెనక పోలీసు స్టేషన్‌లాంటి గది. మీ ఆధార్ మీద వెళ్ళిన పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయంటారు. కెమెరా ఆపకూడదు, కొడుక్కి కూడా చెప్పకూడదు, చెబితే అతన్నీ కేసులో ఇరికిస్తామంటారు. టెన్షన్‌తో వణుకుతున్న మనిషిని గంటల తరబడి అలా కూర్చోబెట్టి, ‘వెరిఫికేషన్’ కోసమంటూ డబ్బంతా వాళ్ళు చెప్పిన ఖాతాలోకి పంపించేలా చేస్తారు. డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో లేనే లేదు. సైబర్ మోసాల మీద ఫిర్యాదు చేసే 1930 నంబరు, తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఇలాంటివాటి కోసమే ఉన్నాయి.

దీన్ని డయబాలికల్ అనవచ్చా? ఒక్క దెబ్బ పడలేదు కాబట్టి అతిశయోక్తి అనేవాళ్ళున్నారు. మాట పుట్టుకని బట్టి చూస్తే మాత్రం దీనికంటే బాగా నప్పే సందర్భం దొరకడం కష్టం. లేని నింద వెయ్యడం, మనిషిని తనవాళ్ళ నుంచి విడగొట్టడం, రక్షించేవాడి వేషంలో దోచుకోవడం. అసలు దియాబొలోస్ చేసిన పని ఇదే. మచ్చీ సింగ్ చట్రంలో దీనికి చోటు లేదు, ఎందుకంటే అది హత్యల కోసం వేసిన చట్రం. మామూలు ఇంగ్లీషులో మాత్రం ఉంది.

ఆగ్రహం లేని వాడుక గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. బ్రిటన్‌లో చెత్తగా ఉన్న దేన్నయినా, భోజనమైనా ఫుట్‌బాల్ ఆటైనా, డయబాలికల్ అంటారు. అమెరికన్ ఇంగ్లీషులో ఈ అర్థం అంతగా లేదు. ‘డెవిలిష్ స్మైల్’ అంటే కొంటె నవ్వు, పాతబస్తీలో అల్లరి పిల్లాణ్ణి ముద్దుగా షైతాన్ అన్నట్టు, మనం పిల్లని రాక్షసీ అని పిలిచినట్టు. ఆ ముద్దు డెవిలిష్‌కి ఉంది గానీ డయబాలికల్‌కి లేదు.

తెలుగు తీర్పులో ఏ మాట పెట్టాలి?

2023లో తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి వివాదంలో తెలుగులో తీర్పు ఇచ్చింది. సుప్రీంకోర్టు 2019లో తెచ్చిన సువాస్ సాఫ్ట్‌వేర్ తీర్పుల్ని భారతీయ భాషల్లోకి మార్చడానికే. మరణశిక్ష తీర్పులు తెలుగులో చదివే పరిస్థితి వస్తే మచ్చీ సింగ్ వాక్యంలోని మన విశేషణానికి ఏం రాయాలి?

‘క్రూరంగా, వికృతంగా’ అన్నవి ముందే ఉన్నాయి కాబట్టి మూడో మాట కూడా క్రౌర్యమే అయితే కొత్తగా చెప్పిందేమీ ఉండదనీ, ‘కుటిలంగా’ అని రాయాలనీ ఒక వాదన. చదవడానికి బావుంటుంది. కానీ కింద ఇచ్చిన ఉదాహరణల్లో కుటిలత్వం లేదు. ఆ మాట చేరిస్తే, ముందే ఆలోచించి చేసిన ప్రతి హత్యా ఈ అంశం కిందకి రాగలదు, ఉరి పరిధి ఒక్క అనువాదంతో పెరుగుతుంది. అందుకే తీర్పులో ‘పైశాచికంగా’ అన్నదే సరైనది. వార్తలో పథకం గురించి చెప్పేటప్పుడు ‘కుటిలం’, ‘కుతంత్రం’ వాడుకోవచ్చు. రెండూ కలిసిన చోట ‘క్రూరమైన కుట్ర’ అని రెండు మాటలు రాయడానికి మొహమాట పడక్కర్లేదు. తీర్పు అనువాదంలో ఆ ఇంగ్లీషు విశేషణాన్ని తెలుగు లిపిలో పక్కనే ఉంచితే ఇంకా మేలు. జైల్లో కూర్చుని తన తీర్పు తాను చదువుకునే ముద్దాయికీ, అతని తరఫున అప్పీలు రాసే లాయరుకీ ఏ మాట దగ్గర వాదన మొదలుపెట్టాలో తెలుస్తుంది.